హైదరాబాద్ గడియారాన్ని విశాఖ గడియారంతో పోల్చాలంటే: సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీ వాడి చూశాక

వేరు వేరు ఊళ్లలో ఉన్న రెండు మంచి గడియారాలను నానోసెకన్ల స్థాయిలో పోల్చుకోవాలని ఎవరైనా నన్నడిగితే, ముందు సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీలో ఖాతా తెరవమనే చెప్తాను. కెనడా ప్రభుత్వ సహజ వనరుల శాఖ 2003 నుంచి నడుపుతున్న ఉచిత సేవ ఇది. మీ జీపీఎస్ రిసీవర్ రికార్డు చేసిన ఫైలు పంపిస్తే, మీ యాంటెన్నా భూమ్మీద సరిగ్గా ఎక్కడుందో సెంటీమీటర్లలో లెక్కగట్టి ఈమెయిల్ చేస్తుంది. మన దగ్గర ల్యాండ్ సర్వే చేసేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిందే. వాళ్లకు కావలసింది అక్షాంశం, రేఖాంశం, ఎత్తు. నాకు కావలసింది అదే ఫలితాల్లో వాళ్లు పట్టించుకోకుండా వదిలేసే ఇంకో నిలువు వరుస. ఫలితాలతో వచ్చే పోస్ (.pos) ఫైలు తెరిస్తే సీఎల్‌కే అనే శీర్షిక కింద, నానోసెకన్లలో, వరసగా అంకెలుంటాయి. మీ రిసీవర్ గడియారం ఆ క్షణానికి ఎంత ముందుందో ఎంత వెనకుందో చెప్పే అంకెలవి. ఈ రివ్యూ దాదాపు అంతా ఆ ఒక్క వరుస గురించే.

మంచి గడియారం అంటే రుబీడియమో, సీజియమో (రెండూ అణు గడియారాలే), కనీసం మంచి ఓవెన్ క్రిస్టలో (ఒకే వేడిలో ఉంచే క్వార్ట్జ్ క్రిస్టల్) అయి ఉండాలి. నాది హైదరాబాద్, నా హామ్ రేడియో మిత్రుడిది విశాఖపట్నం, మ్యాపు మీద గీత గీస్తే మధ్యలో సుమారు 500 కిలోమీటర్లు. పాత మొబైల్ టవర్ల పరికరాల్లోంచి తీసి సెకండ్‌హ్యాండ్‌లో అమ్మే రుబీడియం ఆసిలేటర్లు ఇద్దరి దగ్గరా ఉన్నాయి, 10 మెగాహెర్ట్జ్ ఇచ్చేవి. మైక్రోవేవ్ బ్యాండ్లలో బాగా బలహీనమైన సిగ్నల్ పట్టుకోవాలంటే రెండు వైపులా ఫ్రీక్వెన్సీ ఒకటే ఉండాలి. 10 గిగాహెర్ట్జ్ దగ్గర వెయ్యి కోట్లలో ఒక వంతు తేడా వచ్చిందంటే అప్పుడే 1 హెర్ట్జ్ పక్కకు పోయినట్టు. రుబీడియం దీనికంటే చాలా మెరుగ్గా నిలబడుతుంది, కానీ నిలబడిందని మీకెలా తెలుస్తుంది? ఒక్క గడియారాన్నే ఎంతసేపు చూసినా దాని తప్పు బయటపడదు, ఇంకోదాని పక్కన పెట్టాల్సిందే. అది 500 కిలోమీటర్ల అవతల ఉంటే ఆకాశం దారి పట్టాలి.

ఈ పని మొదట సులువు చేసింది కామన్-వ్యూ పద్ధతి. అమెరికాలో డేవిడ్ అలన్, మార్క్ వైస్ 1980లో ప్రతిపాదించారు. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. రెండు ఊళ్ల నుంచీ ఒకే సమయంలో ఒకే ఉపగ్రహాన్ని వినాలి, ఇద్దరూ తమ గడియారానికీ ఉపగ్రహ సమయానికీ ఉన్న తేడా రాసుకోవాలి, తర్వాత ఒకదాంట్లోంచి ఒకటి తీసేయాలి. ఉపగ్రహం గడియారం తప్పు చెప్పినా ఇద్దరికీ ఒకే తప్పు చెప్తుంది కాబట్టి తీసివేతలో అది ఎగిరిపోతుంది. 2000 మే నెల దాకా అమెరికా కావాలనే జీపీఎస్ సమయాన్ని కుదుపుతూ ఉన్న రోజుల్లో కూడా ప్రపంచంలోని టైమ్ ల్యాబ్‌లు ఈ తీసివేత పుణ్యమా అని హాయిగా పనిచేసుకున్నాయి. ఇప్పటికీ సీజీజీటీటీఎస్ అనే ఫార్మాట్లో 13 నిమిషాల చొప్పున రికార్డులు తయారవుతూనే ఉన్నాయి.

మేం కూడా కామన్-వ్యూతోనే మొదలుపెట్టాం. పనిచేసింది, కానీ గ్రాఫులో తేడా గీత దట్టమైన గొంగళిపురుగులా ఉండేది, కొన్ని నానోసెకన్ల మందంతో. అందులో ఒక మెలిక ప్రతిరోజూ వచ్చేది, చూడబోతే గడియారమే ఊగుతున్నట్టుండేది. ఒకదాని కింద ఒకటి రోజువారీ గ్రాఫులు పెట్టి చూస్తే ఆ మెలిక రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతోంది. ఇక అనుమానం అక్కర్లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు ఆకాశంలో అదే చోటికి రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి, రుబీడియానికి ఆ లెక్కతో ఏం పని? మా డాబా మీద యాంటెన్నా పక్కనే ఉన్న స్టీలు వాటర్ ట్యాంకు మీద పడి తిరిగొచ్చిన సిగ్నల్ చేస్తున్న పని అది. యాంటెన్నాను ట్యాంకు కంటే పైకి, గొట్టం వేసి లేపాక మెలిక చాలావరకు తగ్గింది.

పీపీపీ (ప్రిసైజ్ పాయింట్ పొజిషనింగ్) దారి వేరు. ఇందులో రెండో ఊరు అవసరమే లేదు, ఒక్కో స్టేషన్‌ను విడిగా లెక్కగడతారు. కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది, కాబట్టి ఉపగ్రహం ఉన్నచోటు లెక్కలో ఒక మీటరు తప్పితే మీ గడియారం లెక్క మూడు నానోసెకన్లకు పైగా తప్పుతుంది. ఉపగ్రహం తానే ప్రసారం చేసే కక్ష్య వివరాలు ఈ పనికి చాలవు. ఐజీఎస్ అనే అంతర్జాతీయ సేవ ప్రపంచమంతటా ఉన్న వందల స్టేషన్ల డేటాతో ఏ ఉపగ్రహం ఎక్కడుందో, దాని గడియారం ఎంత తప్పిందో తర్వాత తీరిగ్గా లెక్కగడుతుంది. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, బెంగళూరు ఐఐఎస్‌సీ స్టేషన్లు కూడా ఆ వలలో భాగమే. అలాంటి కచ్చితమైన కక్ష్యలను, గడియారం లెక్కలను తీసుకుని, సిగ్నల్లోని కోడ్‌తో పాటు దాని రేడియో అల దశను కూడా కొలతగా వాడుతుంది సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీ. జీపీఎస్ మొదటి ఫ్రీక్వెన్సీ ఎల్1 అల పొడవు 19 సెంటీమీటర్లు, అందులో నూరో వంతు దాకా దశను కొలవొచ్చు. అందుకే కోడ్‌తో గొంగళిపురుగులా కనపడే గీత ఇక్కడ సన్నటి పెన్సిలు గీతై కూర్చుంటుంది. 2020 అక్టోబరు నుంచి ఉపగ్రహానికీ మీకూ మధ్య ఎన్ని పూర్తి అలలున్నాయో కూడా తేల్చే పద్ధతి పెట్టారు, దాంతో ఇంకా మెరుగైంది.

ఇదేదో అభిరుచి కొద్దీ ఆడుకునేవాళ్ల వ్యవహారం అనుకోకండి. పారిస్ దగ్గర సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థ బీఐపీఎం, 80కి పైగా ల్యాబ్‌ల్లోని 400కి పైగా అణు గడియారాల నుంచి ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీని లెక్కగడుతుంది. ల్యాబ్‌ల మధ్య పోలికలకు కెనడా వాళ్లు రాసిన పీపీపీ సాఫ్ట్‌వేర్‌నే 2009 నుంచి వాడుతోంది. ఆ పోలికలకు యాదృచ్ఛిక అనిశ్చితి నానోసెకనులో మూడో వంతని లెక్క వేసుకుంటారు. మన భారత ప్రామాణిక సమయాన్ని కాపాడే ఢిల్లీ ఎన్‌పీఎల్ గడియారాలు కూడా బీఐపీఎం నెలనెలా ఇచ్చే సర్క్యులర్-టీలో కనిపిస్తాయి. ఆ ల్యాబ్‌ల స్థాయి పనిముట్టు మన ఇంట్లో కూర్చుని, పైసా కట్టకుండా వాడుకోగలుగుతున్నాం అంటే నాకు నిజంగా చాలా సంతోషంగా ఉంటుంది.

వాడటం తేలిక. రిసీవర్ రికార్డును రైనెక్స్ (అన్ని రిసీవర్లకూ ఉమ్మడి ఫార్మాట్) ఫైలుగా మార్చి, 30 సెకన్లకొక కొలత చొప్పున తగ్గించి, జిప్ చేసి పంపాలి. స్టాటిక్ (యాంటెన్నా కదలదు) అని ఎంచుకోవాలి, ఐటీఆర్ఎఫ్ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన స్థానాల చట్రం) అని ఎంచుకోవాలి, అంతే. కొద్దిసేపట్లో ఈమెయిల్ వస్తుంది, లంకె నొక్కితే పీడీఎఫ్ నివేదిక, దాంతోపాటు అంకెల ఫైళ్లు. పీడీఎఫ్‌లో గడియారానికి ఒక గ్రాఫు ఉంటుంది గానీ దాన్ని చూసి ఆగిపోవద్దు. రుబీడియం రోజంతా ఒకవైపు జరుగుతూ ఉంటుంది కాబట్టి అది ఏటవాలు గీతలా కనపడుతుంది తప్ప అసలు సంగతి అందులో దాక్కుంటుంది. ఫ్రీక్వెన్సీ పదివేల కోట్లలో ఒక వంతు పక్కకుంటే రోజుకు 864 నానోసెకన్లు పోగవుతుంది మరి. పోస్ ఫైల్లోని అంకెలు స్ప్రెడ్‌షీట్లో వేసుకుని ఆ వాలును తీసేసి మిగిలినదాన్ని చూడండి, అప్పుడు మీ గడియారం మాట్లాడుతుంది.

మాకు ఎలా మాట్లాడిందో చెప్తాను. ఒక వేసవి రోజు విశాఖ నుంచి మిత్రుడు ఫోన్ చేసి, "అన్నా, నిన్న మధ్యాహ్నం రెండు దాటాక గదిలో ఏసీ వేశావా?" అన్నాడు. వేశాను. నా స్టేషన్ ఫైలు ఫలితాల్లో సరిగ్గా అక్కడ గీత వంగింది, సాయంత్రం ఏసీ ఆపాక నెమ్మదిగా మళ్లీ పాత వాలుకు వచ్చింది. రుబీడియం ఆసిలేటర్ అడుగున ఉన్న లోహపు పలక వేడి మారితే ఫ్రీక్వెన్సీ కొద్దిగా మారుతుందని చదివి తెలిసిందే, కానీ 500 కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి నా గది ఏసీ టైము చెప్పాడంటే ఈ కొలత ఎంత సున్నితంగా ఉందో అర్థం చేసుకోండి. ఇక్కడే పీపీపీ కామన్-వ్యూ కంటే ఎక్కువ ఇచ్చేది కూడా. కామన్-వ్యూలో ఇద్దరి మధ్య తేడా మాత్రమే వస్తుంది, గీత వంగితే నాది కదిలిందా అతనిది కదిలిందా తెలియదు. పీపీపీలో ఎవరి గడియారం వాళ్లది ఐజీఎస్ కాలమానంతో విడిగా పోల్చి వస్తుంది కాబట్టి కదిలిందెవరో తెలిసిపోతుంది. తర్వాత ఇద్దరి అంకెలూ తీసివేస్తే ఆ మధ్యవర్తి కాలమానం పోయి హైదరాబాద్-విశాఖ తేడా మిగులుతుంది.

ఇక కష్టాలు. మొదటిది ఎవరి తప్పూ కాదు, మనం ఉన్న చోటు అలాంటిది. భూ అయస్కాంత మధ్యరేఖ తిరునల్వేలి దగ్గర్లోంచి పోతుంది, దాని వల్ల దక్షిణ, మధ్య భారతం మీద అయనోస్ఫియర్ (వాతావరణంలో పైన ఉండే విద్యుదావేశ పొర) సూర్యాస్తమయం తర్వాత కుదురుగా ఉండదు. ముఖ్యంగా మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో, రాత్రి ఏడెనిమిది నుంచి అర్ధరాత్రి దాకా అక్కడ బుడగల్లాంటివి లేచి ఉపగ్రహ సిగ్నల్ మినుకుమినుకుమంటుంది. రెండు ఫ్రీక్వెన్సీలు వాడితే అయనోస్ఫియర్ కలిగించే ఆలస్యం లెక్కలోంచి పోతుంది, కానీ సిగ్నలే తెగిపోతే రెండు ఫ్రీక్వెన్సీలూ ఏం చేయలేవు. అలల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, గీతలో మెట్లు పడతాయి. సౌర కార్యకలాపం ఎక్కువగా ఉన్న కాలంలో ఇది మరీ ఎక్కువ. యూరప్ వాళ్లు రాసిన అనుభవాలు చదివి మన దగ్గర అలాగే వస్తుందనుకుంటే సాయంత్రాలు నిరాశపడతారు. ఆ గంటలు పక్కన పెట్టి, తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా ఉన్న గీతను నమ్మండి.

రెండోది అర్ధరాత్రి దూకుడు. ఒక్కో రోజు ఫైలు విడివిడిగా పంపితే రోజు మారేచోట రెండు గీతలూ కలవవు, నానోసెకనులోపు చిన్న మెట్టు ఉంటుంది. గీత మొత్తంగా ఏ ఎత్తున కూర్చోవాలో తేల్చేది కోడ్ కొలతల సగటు, దానికి ప్రతి రోజూ కొత్త గరుకుతనం ఉంటుంది, అందుకే ఈ మెట్టు. దీన్ని గడియారం దూకిందని పొరపడకుండా ఉంటే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది, పట్టించుకోకపోతే మిగిలినదంతా వృథా. ఈ సేవ మీ గడియారం ఎలా కదులుతోందో అద్భుతంగా చెప్తుంది, కానీ రెండిట్లో ఏది ముందుందో దానంతట అది చెప్పలేదు. ఎందుకంటే యాంటెన్నాలో, కేబులులో, రిసీవర్ లోపల సిగ్నల్ ఎంత ఆలస్యమైందో కెనడా సర్వర్‌కి తెలిసే మార్గం లేదు, ఆ ఆలస్యం మొత్తం మీ గడియారం ఖాతాలోనే పడుతుంది. మామూలు ఆర్‌జీ-58 కేబులులో మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు. డాబా మీంచి కింద గదికి 30 మీటర్లు లాగారంటే 150 నానోసెకన్లు, మీరు మూడో వంతు నానోసెకను గీత చూసి మురిసిపోతున్న చోట. 2011 సెప్టెంబరులో ఒపెరా ప్రయోగం వాళ్లు జెనీవా సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల అవతల ఇటలీలోని గ్రాన్ సాసోకు న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందొచ్చాయని ప్రకటించారు కదా. రెండు చోట్ల గడియారాల మధ్య ఉపగ్రహాలతో చేసిన పోలిక బాగానే ఉంది. తప్పు పైన ల్యాబ్ నుంచి కింద సొరంగంలోకి జీపీఎస్ సమయాన్ని తీసుకెళ్లే 8.3 కిలోమీటర్ల ఫైబర్ కనెక్టరులో ఉంది, సరిగ్గా బిగించలేదు. ప్రపంచమంతా టెన్షన్ పడ్డ వార్త చివరికి ఒక కనెక్టరు దగ్గర తేలింది.

దీనికి మందు ఒకటే. రెండు రిసీవర్లనూ, తమ తమ యాంటెన్నాలతో, తమ తమ కేబుళ్లతో సహా ఒకే డాబా మీదికి తెచ్చి, ఒకే రుబీడియం నుంచి రెండింటికీ సిగ్నల్ పంచి నడపాలి. అప్పుడు రెండు ఫైళ్ల మధ్య వచ్చే తేడా గడియారాలది కాదు, పరికరాలది. ఆ అంకెను రాసి పెట్టుకుని ఎప్పటికీ తీసేస్తూ ఉండాలి. బీఐపీఎం కూడా ఇదే చేస్తుంది, క్యాలిబ్రేట్ చేసిన రిసీవర్‌ను పెట్టెలో పెట్టి ల్యాబ్ నుంచి ల్యాబ్‌కు తిప్పుతుంది. మిత్రుడు విశాఖ నుంచి తన సామానంతా తీసుకుని రైల్లో వచ్చాడు, కేబులు చుట్టతో సహా. ఆ తర్వాత ఆ కేబులు తెంచలేదు, కనెక్టరు మార్చలేదు, స్ప్లిటరు చేర్చలేదు. మారిస్తే మళ్లీ మొదలు.

రిసీవర్ గురించి రెండు ముక్కలు. చవగ్గా వస్తుందని చాలామంది యూ-బ్లాక్స్ జెడ్‌ఈడీ-ఎఫ్9టీ తీసుకుంటారు. సమయం పంచడానికి అది చక్కటి మాడ్యూలు, రెండు ఫ్రీక్వెన్సీలు వింటుంది, ముడి కొలతలు బయటికిస్తుంది. కానీ బయటి 10 మెగాహెర్ట్జ్ తీసుకునే దారి దానికి లేదు. కాబట్టి పీపీపీలో మీకు కనపడేది మీ రుబీడియం కాదు, దాని లోపలున్న చిన్న క్రిస్టల్. రుబీడియాన్ని చూడాలంటే రెండింటి సెకను పల్సుల (సెకనుకొకటి చొప్పున ఇచ్చే పల్సుల) మధ్య తేడాను కౌంటరుతో విడిగా కొలిచి కలుపుకోవాలి. సెప్టెంట్రియో మొజాయిక్-టీ లాంటివి 10 మెగాహెర్ట్జ్‌నూ సెకను పల్సునూ నేరుగా తీసుకుంటాయి, ఖరీదెక్కువైనా ఈ పనికి అవే సరైనవి. 10 మెగాహెర్ట్జ్ ఒక్కటే ఇచ్చి పల్సు ఇవ్వకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రిసీవర్ కొత్త చోట లెక్క మొదలుపెడుతుంది, శ్రమపడి చేసిన క్యాలిబ్రేషన్ పోతుంది. యూపీఎస్ తప్పనిసరి. యాంటెన్నా కొనేటప్పుడు కూడా చూసుకోండి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు డ్యూయల్ బ్యాండ్ అని పంపిన యాంటెన్నా పెడితే జీపీఎస్ రెండో ఫ్రీక్వెన్సీ ఎల్2 మీద ఒక్క ఉపగ్రహం కూడా సరిగ్గా వినపడలేదు. వాపసుకు ఒప్పించడానికి రిసీవర్ స్క్రీన్‌షాట్లు పంపుతూ చాలా వాదించాల్సి వచ్చింది. రాగానే ఎల్1, ఎల్2 సిగ్నల్ బలం రెండూ చూసి, ఆ తర్వాతే గొట్టం మీద బిగించండి.

మంచి గడియారాలున్న కాలేజీలు, ల్యాబ్‌లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక సంగతి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, విశాఖ సముద్రం ఒడ్డునే. ఎత్తు పెరిగేకొద్దీ గడియారం వేగంగా నడుస్తుంది కాబట్టి, ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం హైదరాబాద్ గడియారం విశాఖ గడియారం కంటే రోజుకు సుమారు 5 నానోసెకన్లు ముందుకు పోతుంది. పీపీపీ గీతకు ఇది పెద్ద తేడానే. మా రుబీడియాలు వయసుతో తమంతట తామే ఇంతకంటే ఎక్కువ జరుగుతాయి కాబట్టి మాకది విడిగా కనపడదు. రెండు వైపులా మంచి సీజియం ఉండి, ముందు ఆ రెండింటినీ ఒకేచోట పెట్టి వాటి తేడా రాసుకుంటే, కొన్ని వారాల ఫైళ్లతో బయటపడాలి. దాన్ని మన తెలుగు నేల మీద, రెండు కాలేజీల మధ్య కొలిచి చూపించాలని నాకు చాలా కోరికగా ఉంది.

సేవలో నాకు కొరతగా అనిపించేవి కొన్ని ఉన్నాయి. ఇది అప్పటికప్పుడు చెప్పేది కాదు. రోజు ముగిశాక మర్నాటికి వచ్చే ర్యాపిడ్ లెక్కతో ఫ్రీక్వెన్సీ పనులన్నీ అయిపోతాయి, ఫైనల్ లెక్క కావాలంటే రెండు వారాల దాకా ఆగాలి. మీ ఆసిలేటర్‌ను ఇప్పుడే సరిదిద్దాలనుకుంటే కామన్-వ్యూనో, జీపీఎస్‌తో అదుపులో ఉండే ఆసిలేటరో చూసుకోండి. నివేదిక మొత్తం సర్వేయర్ల కోసం రాసింది, గడియారం వాళ్లకు వివరణ తక్కువ. మీ ఇంటి కచ్చితమైన స్థానం వేరే దేశం సర్వర్‌కు వెళ్తుందన్నది కూడా తెలిసి ఒప్పుకోవాల్సిన విషయం. ఇంకో కోరిక మన ఇస్రో వైపు. జీపీఎస్‌లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ మొదటి తరం ఉపగ్రహాల్లో దిగుమతి చేసుకున్న రుబీడియం గడియారాలు ఆగిపోయి ఎంత ఇబ్బంది పెట్టాయో అందరికీ తెలుసు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మొదటిసారి మన దేశంలో తయారైన రుబీడియం గడియారం పెట్టారు. ఆ సిగ్నల్ మన నెత్తిమీదే, రోజంతా వినపడుతోంది. ఇలాంటి ఉచిత లెక్కల సేవ నావిక్‌తో మన దగ్గర నుంచి వస్తే మొదటి రోజే ఫైలు పంపుతాను.

ఇప్పటికైతే ఐదుకు నాలుగున్నర. మొదలుపెట్టాలనుకునేవాళ్లు రుబీడియం కూడా అక్కర్లేదు, ముడి కొలతలిచ్చే డ్యూయల్ బ్యాండ్ రిసీవర్ ఏదున్నా 24 గంటల ఫైలు ఒకటి పంపి సీఎల్‌కే వరుస గ్రాఫు గీసి చూడండి. దాని లోపలి క్రిస్టల్ ఎగుడుదిగుళ్లు చూశాక మంచి ఆసిలేటర్ కొనాలో వద్దో మీకే తేలుతుంది. కొన్నాక మాత్రం డబ్బు ముందు యాంటెన్నాకు, కేబులుకు పెట్టండి, కేబులు పొడవు కొలిచి దాని మీదే మార్కర్‌తో రాసి పెట్టుకోండి.